క్రొత్త బండి, పాత మొగమాటము

మన పాఠశాల పత్రికలో కవులను గూర్చియు, విజ్ఞానశాస్త్రమును గూర్చియు, విహారయాత్రలను గూర్చియు వ్యాసములు వచ్చుట వాడుక. మోటారు సైకిలు కొనునపుడు అంగడివారు వేయు రుసుములను గూర్చి వ్రాయుటకు ఇది తగిన చోటు కాదని పెద్దలు కొందరు తలంపవచ్చును. నేనును మొదట అట్లే తలంచితిని. కాని 2025 దీపావళికి ముందు ఒక మధ్యాహ్నము నేను చూచినదియు, చూచియు పలుకక యుండినదియు నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినవి.

మా బడిలో పదవ తరగతి చదువు ఒక బాలుని తండ్రి హోసూరు చేరువ పల్లెలో గులాబీతోట సాగుచేయువాడు. తెల్లవారకమునుపే పూలను సంతకు చేర్చుటకు ఆయనకు బండి కావలసి వచ్చెను. "అయ్యవారూ, మీరు కూడా వస్తే బాగుంటుంది, ఆ కాగితాలు నాకు తెలియవు" అని నన్ను పిలిచెను. తండ్రియు, కుమారుడును, నేనును కలసి అంగడికి పోతిమి. అద్దపు గోడలు, చల్లని గాలి, వరుసగా నిలిపిన మెరుగుబండ్లు. గుమాస్తా మర్యాదగా కూర్చుండబెట్టి, మంచినీళ్లు తెప్పించి, ధరల కాగితము నొకదానిని ముందుంచెను. అది కొంత ఇంగ్లీషునను, కొంత తమిళమునను ఉండెను. తండ్రి అడుగున నున్న మొత్తమును మాత్రము చూచెను. బాలుడు పైనుండి క్రిందివరకు చదివెను. చదివి, "నాయనా, ఈ రెండు వేల ఐదు నూర్లు దేనికి? హ్యాండ్లింగ్ ఛార్జీ అని రాసినారే?" అని అడిగెను.

గుమాస్తా నవ్వి, "అది అందరికీ ఉండేదే తమ్ముడూ" అనెను. బాలుడు మరల నోరు తెరవబోగా తండ్రి వాని భుజముపై చేయివేసి, "ఊరుకోరా, పెద్ద అంగట్లో అట్లా అడగరాదు" అని మెల్లగా వారించెను. వాడు తల వంచుకొనెను. నేను గోడమీది పటమును చూచుచు కూర్చుంటిని.

ఆ బాలుడు అడిగిన ప్రశ్న సరియైనది. దానికి ఉత్తరము రాలేదు. అడిగినవాడు సిగ్గుపడెను, చెప్పనివాడు సిగ్గుపడలేదు, పాఠము చెప్పు నేనో, వాని పక్షమున ఒక్క మాటయైనను అనలేదు. "తెలియనిది అడుగుడు" అని తరగతిలో దినమును బోధించువారమే, వారు నిజముగా అడిగిననాడు వారి నోరు మూయుచున్నాము. ఈ వ్యాసమున నేను చెప్పదలచిన అభిప్రాయ మొక్కటియే. బండి కొనునపుడు ప్రతి పద్దునకును కారణ మడుగుట మర్యాదకు లోపము కాదు. అది కొనువాని హక్కు. ఇంట చదువుకొన్న పిల్లలున్నచో ఆ చదువునకు తగిన పని.

మనవారికి బేరము తెలియదని ఎవ్వరును అనజాలరు. సంతలో తోటకూర కట్టకు రెండు రూపాయలు ఎక్కువ చెప్పినచో మన తల్లులు ముందుకు సాగరు. టమాటా బుట్టకు వెల తగ్గించిన దళారితో మన రైతులు గంటసేపు వాదింతురు. అట్టివారే అద్దపు తలుపు దాటగానే మూగవారగుదురు. కారణ మేమి? సంతలో మనకు సరకు తెలియును, మాట తెలియును. ఇచట సరకు క్రొత్తది, కాగితము పరభాషది, ఎదుటనున్నవాడు చదువుకొన్నవాడు. కాగితముపై అచ్చుపడినదెల్ల ప్రభుత్వపు ఆజ్ఞయే యను భ్రమ మనకు కలదు. ఆ భ్రమను పోగొట్టుటకై ఆ కాగితములో ఏమి యుండునో చూతము.

దానిలోని పద్దులను మూడు వరుసలుగా విడదీయవచ్చును. మొదటి వరుస: తప్పక చెల్లింపవలసినవి, బేరమునకు లొంగనివి. రెండవది: మన ఇష్టమునుబట్టి కొనదగినవి. మూడవది: ఏ ఆధారముతో వేసిరో అంగడివారే చెప్పవలసినవి. ఈ మూడింటిని కలగలిపి ఒకే మొత్తముగా చూపుటలోనే చిక్కంతయు నున్నది.

మొదటి వరుసలో ముందు వచ్చునది ఎక్స్ షోరూము ధర. వస్తు సేవల పన్ను ఇందులోనే కలసియుండును. 2025 సెప్టెంబరు 22వ తేది నుండి 350 సి.సి. వరకు గల మోటారు సైకిళ్లపై ఈ పన్ను 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గెను. అనగా అంతకుముందు పన్నుతో కలిపి లక్ష రూపాయలున్న బండి, తయారీదారు తన ధర మార్చనిచో, సుమారు 92,188 రూపాయలకు దిగవలెను. గణితము వచ్చిన విద్యార్థులు లక్షను 128చే భాగించి 118చే గుణించి చూచుకొనవచ్చును.

తరువాతది రాష్ట్రమునకు చెల్లించు జీవితకాలపు పన్ను. తమిళనాడులో 2023 నవంబరు నుండి లక్ష రూపాయల లోపు వెలగల క్రొత్త ద్విచక్ర వాహనములకు 10 శాతము, అంతకు మించినవానికి 12 శాతము చొప్పున ఇది విధింపబడినది. పిమ్మట రిజిస్ట్రేషను రుసుము. కేంద్ర ప్రభుత్వము 2016 డిసెంబరులో సవరించిన పట్టిక ననుసరించి మోటారు సైకిలునకు ఇది 300 రూపాయలు. అప్పు తీసికొని కొన్నచో ఆ అప్పును రిజిస్ట్రేషను పత్రమున నమోదు చేయుటకు మరి 500 రూపాయలు. స్మార్టు కార్డునకును, తపాలాకును స్వల్పముగా అదన ముండును. ఇవి సర్కారు సొమ్ము. వీనికి రసీదు సర్కారు పేరుననే వచ్చును. కాగితముపై "రిజిస్ట్రేషను" అను పేరుతో వీనికి మించిన పెద్ద మొత్త మున్నచో, అందులో పన్ను ఎంత, రుసుము ఎంత, తక్కినది ఎవరిది అని అడుగవలెను.

మొదటి వరుసలో కడపటిది బీమా. ఇందును కొంత భాగమే తప్పనిసరి. మన బండివలన ఇతరులకు కలుగు ప్రాణనష్టమునకును, గాయములకును, ఆస్తినష్టమునకును ఉద్దేశింపబడిన థర్డ్ పార్టీ బీమా లేక వాహనము రోడ్డెక్కరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము శాసించుచున్నది. సుప్రీంకోర్టు ఆజ్ఞ ననుసరించి 2018 సెప్టెంబరు 1వ తేది నుండి క్రొత్త ద్విచక్ర వాహనములకు ఈ బీమాను ఒకేసారి అయిదేండ్లకు కట్టవలసియున్నది. దీని రుసుమును ప్రభుత్వమే నిర్ణయించును. 2022 జూన్ 1న అమలులోనికి వచ్చిన పట్టికలో 75 సి.సి. దాటి 150 సి.సి. వరకు గల క్రొత్త బండికి అయిదేండ్ల రుసుము 3,851 రూపాయలు, పన్ను అదనము. కొనుటకు ముందు అప్పటి పట్టికను చూచుకొన్నచో ఈ పద్దునందు మోసపోవుట కలుగదు. బండి నడుపు యజమానికి పదునైదు లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమాయు ఉండవలెను. కాని అట్టిది ముందే వేరుగా కలవారు మరల కొననక్కరలేదు.

ఇక రెండవ వరుస. మన బండికే నష్టము కలిగినను, దొంగలు ఎత్తుకొనిపోయినను ఆదుకొను బీమా వేరు. అది మంచిదే, క్రొత్త బండికి తీసికొనుట వివేకము. కాని అయిదేండ్లకు ఒక్కమారే కట్టవలెనను నిర్బంధము దీనికి లేదు. ఏటేట కొనవచ్చును. ఏ కంపెనీ వద్ద కొనవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ కొనువానిది. తమ అంగడిలోనే, తాము చూపిన కంపెనీయందే బీమా తీసికొనుమని విక్రేత నిర్బంధింపరాదని బీమా నియంత్రణ సంస్థ 2017లోనే నిబంధనలు చేసినది. కావున అంగడివారు చెప్పిన బీమా వెలను పట్టుకొని వేరొక కంపెనీని అడిగి చూచుట బేరములో మొదటి మెట్టు. వేరొకచోట తక్కువకు దొరకునని చెప్పినపుడు అంగడివారే దిగివచ్చుట కలదు.

అలంకరణ సామగ్రియు, సీటు తొడుగులును, పెంచిన వారంటీయు, సేవా ఒప్పందములును ఈ వరుసలోనివే. కావలసినచో కొనవచ్చును, వలదనినచో బండి ఇయ్యమనుటకు వీలు లేదు. ఒక వస్తువు కొనవలెనన్న మరియొక వస్తువును కొనితీరవలెనని నిర్బంధించుటను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము నిర్బంధ వ్యాపార పద్ధతిగా పరిగణించుచున్నది. ఇచట తల్లిదండ్రులు గమనింపదగిన విశేష మొకటి కలదు. వెనుక కూర్చుండువారు పట్టుకొనుటకు పిడి, పాదములు మోపుటకు మెట్లు, చీరకొంగు చక్రములో చిక్కకుండ వెనుక చక్రములో కనీసము సగభాగమును కప్పు కవచము, ఇవి మోటారు సైకిలుతోపాటే ఉండవలెనని కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 123వది చెప్పుచున్నది. చాలచోట్ల ఈ శారీ గార్డునే అలంకరణ సామగ్రిలో చేర్చి వెల కట్టుచున్నారు.

మూడవ వరుసకు వత్తము. ఆ బాలుడు వ్రేలు పెట్టి చూపిన హ్యాండ్లింగ్ ఛార్జీ ఈ వరుసలోనిది. కొన్నిచోట్ల దీనినే లాజిస్టిక్స్ అనియు, డాక్యుమెంటేషను అనియు, సర్వీసు రుసుమనియు పిలుతురు. ప్రభుత్వపు రుసుముల పట్టికలో ఇట్టిది లేదు. బండిని కర్మాగారమునుండి తెచ్చి, తుడిచి, కాగితములు వ్రాసి, ఆర్.టి.ఓ. కార్యాలయమునకు పంపుటకై ఇది యని చెప్పుదురు. కాని 2019లో సవరింపబడిన చట్టములోని 41వ సెక్షను ప్రకారము, అదే రాష్ట్రములో నమోదగు క్రొత్త వాహనమునకు రిజిస్ట్రేషను దరఖాస్తు పెట్టవలసిన బాధ్యత విక్రేతదే. అధీకృత విక్రేత అమ్మిన క్రొత్త బండిని మొదటి నమోదునకై అధికారి యెదుట నిలుపనక్కరలేదని 44వ సెక్షను చెప్పుచున్నది. చట్టము ఒకనిపై ఉంచిన పనిని మనకు చేసిన ఉపకారముగా చూపి వెల అడుగుట ఎట్లు న్యాయమగును?

నంబరు పలకయు ఇట్టిదే. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన వాహనములకు హై సెక్యూరిటీ పలకలను తయారీదారే బండితో పంపవలెను; విక్రేత వానిపై సంఖ్యను వేయించి బిగింపవలెను. హెల్మెట్టు సంగతియు చూడుడు. ద్విచక్ర వాహనము కొనునపుడు ప్రమాణములకు సరిపడు శిరస్త్రాణమును తయారీదారు సరఫరా చేయవలెనని 138వ నిబంధన చెప్పుచున్నది. వీనికి వేరుగా వెల వేసినపుడు "ఏ నిబంధన ప్రకారము వేసితిరి?" అని అడుగుటకు మనకు పూర్తి అధికారము కలదు.

ఆనాడు మా ముందుంచిన కాగితములో హ్యాండ్లింగ్ 2,500, నంబరు పలక 600, హెల్మెట్టు 950, శారీ గార్డుతో కూడిన సామగ్రి 3,850, పెంచిన వారంటీ 1,400. మొత్తము 9,300 రూపాయలు. పన్ను తగ్గించి ప్రభుత్వము లక్ష రూపాయల బండిపై సుమారు 7,800 రూపాయలు వదలుకొన్నది. ఆ పూలరైతునకు చేరవలసిన లాభము ఒక్క కాగితములో అయిదు పద్దులకు కరగిపోయి, పైగా 1,500 రూపాయలు ఎదురు చెల్లినవి.

కథ అంతటితో ముగియలేదు. ఆ సొమ్మంతయు అప్పులో కలిసినది. ఏటికి నూటికి 12 చొప్పున, మొదటి అసలు మొత్తముమీదనే కడవరకు వడ్డీ కట్టు పద్ధతిలో, 9,300 రూపాయలకు మూడేండ్లలో 3,348 రూపాయల వడ్డీ యగును. అనగా ఆ అయిదు పద్దులకు ఆ కుటుంబము 12,648 రూపాయలు చెల్లించును. గులాబీకట్టల వెల తెలిసినవారికి ఆ మొత్తము వెనుక ఎన్ని తెల్లవారుజాములున్నవో వేరుగా చెప్పనక్కరలేదు. అప్పు తీసికొనువారు మరియొక మాటయు అడుగవలెను: వడ్డీ మొదటి అసలుమీద కట్టుదురా, లేక నెలనెలకు తరుగుచున్న అసలుమీద కట్టుదురా? రెంటికిని ఒకే శాతము చెప్పినను, మొదటిదానిలో మనము చెల్లించునది చాల ఎక్కువ.

ఇచట అంగడివారి పక్షమునను ఒక మాట చెప్పుట న్యాయము. వారును బాడుగ కట్టవలెను, పనివారికి జీతము లీయవలెను, నిలువ సరకుపై వడ్డీ మోయవలెను. బండి అమ్మకముపై తయారీదారు ఇచ్చు లాభము తమకు చాలదని వారు చెప్పుదురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. వ్యాపారి లాభము పొందుట దోషము కాదు. దాచిపెట్టి పొందుటయే దోషము. లాభము చాలనిచో దానిని తయారీదారుతో తేల్చుకొనవలెను. పన్నుల నడుమ పన్నువలె కనబడు పేరుపెట్టి చదువురానివాని చేత కట్టించుట తగదు. అదియును గాక, గట్టిగా అడిగినవానికి ఆ పద్దును కొట్టివేసి, అడుగనివాని వద్ద పూర్తిగా తీసికొనుచున్నారు. అప్పుడు ఆ రుసుము సేవకు వెల కాదు. మన మౌనమునకు వెల.

ఇక మనవారు తరచుగా చెప్పు సాకును విచారింతము. "మనము ఈ రాష్ట్రములో తెలుగు మాటలాడువారము, కొద్దిమందిమి, అంగట్లో రచ్చ ఎందుకు?" అని ఇంటింట అనుచుందురు. ఈ భావము నాకు తెలియనిది కాదు. ఆ మధ్యాహ్నము నా నోరు కట్టివేసినదియు అదియే. కాని ఆలోచించి చూడగా అందులో పస లేదు. ఆ అంగడిలో మాకు ముందు కూర్చున్న తమిళ రైతును, మా వెనుక నిలిచిన కన్నడ కార్మికుడును అదే 2,500 రూపాయలు చెల్లించిరి. రుసుము వేసినవాడు భాష చూచి వేయలేదు. భాషను అడ్డుపెట్టుకొని ఊరకున్నది మనమే.

నిజము చెప్పవలెనన్న, ఈ విషయములో మన పిల్లలకు ఇతరులకంటె అనుకూలమే ఎక్కువ. వారు ఇంటను బడిలోను తెలుగు చదువుచున్నారు. 2006 నాటి చట్టము వచ్చిన పిమ్మట తమిళమును నేర్చుచున్నారు. ఇంగ్లీషు ఎట్లును కలదు. సరిహద్దు పల్లెలవారు కొందరు కన్నడమును కూడ ఎరుగుదురు. మూడు లిపులు చదువగల పిల్లవాడు ప్రక్కనుండగా ఏ తండ్రియు తనకు రాని కాగితముపై గుడ్డిగా సంతకము పెట్టనక్కరలేదు. మాతృభాషలో చదువుట వలన పిల్లలు వెనుకబడుదురని బెంగపడు తల్లిదండ్రులకు నా మనవి: ఆ బాలుడు తెలుగు బడిలోనే చదివెను. శతాంశములు తెలుగులోనే నేర్చెను. ఆ కాగితమును మొదట అర్థము చేసికొన్నవాడు వాడే.

అయిన, బేరమాడు విధము తెలియవలెను. కోపముతో అడుగుట బేరము కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు ఊరక అనలేదు. అనుభవమున సరియని తోచిన కొన్ని పద్ధతులను చెప్పుదును.

బయానా ఈయకమునుపే ధరల కాగితమును పద్దు పద్దుగా వ్రాయించి ఇంటికి తెచ్చుకొనవలెను. బయానా చేతబడిన పిమ్మట అంగడివాని మాట బిగియును, మన మాట సడలును. ఒకే బండికి రెండు అంగళ్ల కాగితములు తెచ్చి ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. తగ్గింపు ఎంత యని కాక, చివరకు చేతినుండి పోవు మొత్తమెంత యని అడుగవలెను; వేయి రూపాయలు తగ్గించితిమని ఒక చేత చూపి, సామగ్రి పేరున మరియొక చేత లాగుకొనుట ఈ వ్యాపారములో వింత కాదు. అడుగునది ఇట్లుండవలెను: "అయ్యా, ఈ పద్దు ఎవరికి చేరును? దీనికి వేరుగా రసీదు ఇత్తురా?" ఈ రెండు ప్రశ్నలకు గొంతు పెంచనక్కరలేదు. రసీదు వ్రాయలేని పద్దు తరచుగా తనంతట తానే తొలగిపోవును.

సామగ్రి ముందే బిగించితిమని చెప్పినచో, బిగింపని బండినే ఇయ్యుమని కోరవలెను. రిజిస్ట్రేషను దరఖాస్తైన ఫారము 20పై ఖాళీ గళ్లు ఉండగా సంతకము చేయరాదు. బండి తయారైన నెలయు సంవత్సరమును చూచుకొనవలెను. అంగట్లో పాతబడిన బండికి క్రొత్త బండి వెల ఇయ్యనక్కరలేదు. ఆ కారణము చూపి అడిగినచో వెల దిగుట కలదు.

సరిహద్దున నున్న మనకు ఇంకొక హెచ్చరిక అవసరము. బెంగుళూరులో చవుకగా దొరకునని విని అచటికి పోవువారు కలరు. యజమాని నివసించునట్టి, లేక వ్యాపారము చేయుచు బండిని సాధారణముగా ఉంచునట్టి చోటు ఏ రాష్ట్రములో నున్నదో ఆ రాష్ట్రపు నమోదు అధికారి వద్దనే దానిని నమోదు చేయింపవలెనని చట్టము. పొరుగు రాష్ట్రములో కొన్నచో తాత్కాలిక నమోదు, ఇచటి పన్ను, ఇచటి కార్యాలయమునకు మనమే తిరుగుట, ఇవన్నియు కలిపి లెక్కించిన పిమ్మటనే ఏది చవుకయో తేల్చుకొనవలెను.

మాటతో తీరనిచో చట్టపు మార్గము కలదు. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. తెలుగుతో సహా పలుభాషలలో అచట మాటలాడవచ్చును. అంతకు మించినచో జిల్లా వినియోగదారుల కమిషనునకు ఫిర్యాదు చేయవచ్చును. కొన్న వస్తువు వెల అయిదు లక్షల రూపాయలకు మించనిచో ఫిర్యాదునకు రుసుము లేదు. ధరల కాగితమును, రసీదులను భద్రపరచినవానికే ఈ మార్గము తెరచియుండును. అందుచే కాగితములను పారవేయకుడు.

"రెండు వేలకై ఇంత తిరుగుటయా?" అని అడుగువారు ఉందురు. కలవారు అట్లనవచ్చును. బండిని విలాసముగా కాక బ్రతుకుతెరువుగా కొనువానికి రెండు వేలు చిన్న మొత్తము కాదు. మరియు ఒకడు అడుగక చెల్లించిన రుసుము తరువాత వచ్చువానికి ఆచారముగా మారును. "అందరికీ ఉండేదే" అని ఆ గుమాస్తా అన్న మాట అబద్ధము కాదు; అందరును ఇచ్చుచున్నందుననే అది అందరికిని ఉన్నది.

ఆ మధ్యాహ్నము జరిగిన తప్పును నేను కొంతవరకైనను దిద్దుకొన యత్నించితిని. మరుసటి వారము ఆ బాలునితో ఆ కాగితము నకలును తెప్పించి, తరగతిలో నల్లబల్లపై మూడు వరుసలు గీయించితిని. పిల్లలే పద్దులను విడదీసిరి. రెండు నెలల పిమ్మట మా సహోపాధ్యాయు లొకరు బండి కొనదలచినపుడు ఆ మూడు వరుసల కాగితమును జేబులో పెట్టుకొని ఇరువురమును పోతిమి. మొదటి అంగడిలో హ్యాండ్లింగ్ రుసుమును కొట్టివేయుటకు ఒప్పుకొనిరి గాని, సామగ్రి లేని బండి లేదనిరి. నమస్కరించి లేచి వచ్చితిమి. రెండవ అంగడిలో నంబరు పలకకును, హెల్మెట్టునకును వెల వేయలేదు. సామగ్రి వలదనగా బలవంతపెట్టలేదు. బీమాను వారు మేము కోరిన కంపెనీయందే వ్రాయించిరి. హ్యాండ్లింగ్ పేరుతో నున్న పద్దులో మాత్రము సగమే తగ్గించిరి. ఆ సగమునకు రసీదు అడిగి తీసికొంటిమి. పూర్తి జయమని చెప్పజాలను. కాని మా తెలుగు యాసగల తమిళమును విని అచట నెవ్వరును నవ్వలేదు, రచ్చయును జరుగలేదు.

విద్యార్థులారా! మీ ఇంట బండియే కాదు, కుట్టుమిషను, నీటి మోటారు, బంగారు నగ, ఏది కొన్నను ఆ కాగితమును మీరు చదువుడు. చదివి పెద్దలకు మీ ఇంటి మాటలో చెప్పుడు. తెలియని పద్దును వినయముతో అడుగుడు.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ అంగట్లో "ఇది దేనికి?" అని అడిగినపుడు వాని భుజముపై చేయివేయుడు, కాని వారించుటకై కాదు. ఉత్తరము వచ్చువరకు వాని ప్రక్కన నిలువుడు. ఉపాధ్యాయు లెవరైనను అచట నున్నచో, వారును నావలె గోడమీది పటమును చూడకుందురు గాక.